పరదేశపు ఆసుపత్రులను చూచి వచ్చిన ఫ్లారెన్సు నైటింగేల్

ఫ్లారెన్సు నైటింగేల్ పేరు వినని వారు మీలో నుండరు. చేత దీపము పట్టుకొని నడిరేయి గాయపడిన సైనికుల పడకల నడుమ తిరుగుచున్న స్త్రీ బొమ్మను మీరు పాఠ్యపుస్తకములలో చూచియే యుందురు. ఆ బొమ్మలో అబద్ధమేమియు లేదు. కాని ఆ దీపము చేత పట్టునాటికి ఆమెకు ముప్పదినాలుగేండ్ల వయస్సు. దానికి ముందు దాదాపు పదేండ్ల కాలము ఆమె ఏమి చేయుచుండెనో బాలల పుస్తకములు సాధారణముగా చెప్పవు. పరదేశపు ఆసుపత్రుల గడపలు తొక్కి, అచట రోగులకు పరిచర్య ఎట్లు జరుగుచున్నదో కన్నులార చూచి, చూచినదానిని కాగితముపై పెట్టుటయే ఆ కాలమున ఆమె చేసిన పని. దీపము కథ కంటె ఈ కాగితముల కథయే మన పిల్లలకును, వారి తలిదండ్రులకును ఎక్కువ పనికివచ్చునని తలచి మేమిచట దానిని చెప్పబూనితిమి.

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. అంతకు ముందేడు నేపుల్సు నగరమున పుట్టిన అక్కకు ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమైన పార్థినోపీ యను పేరు పెట్టియుండిరి. తండ్రి విలియం ఎడ్వర్డు నైటింగేల్ గొప్ప సంపన్నుడు. ఇంగ్లండులో డెర్బీషైరు నందొక భవనము, హాంప్షైరు నందొక భవనము ఆ కుటుంబమునకు గలవు. ఆయనకు కుమారులు లేరు. కుమార్తెలకు తానే గురువై గ్రీకు, లాటిను, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును నేర్పెను. చిన్న కుమార్తెకు లెక్కలన్నను, పట్టికలన్నను ఎక్కడలేని మక్కువ.

ఈ భాషల సంగతిని మేము ఊరక చెప్పలేదు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము, పరీక్షలో ఇంగ్లీషు అని మన పిల్లలు తరచుగా విసుగు చెందుదురు. ఫ్లారెన్సు తరువాతి కాలమున జర్మను ఆసుపత్రిలో జర్మను భాషలోను, పారిసు ఆసుపత్రిలో ఫ్రెంచిలోను అక్కడి వారితో మాటాడి పని తెలిసికొనెను. చిన్ననాడు తండ్రి యొద్ద నేర్చిన చదువే ఆమెకు ఆ తలుపులు తెరచినది.

తన పదునాఱవ యేట, 1837 ఫిబ్రవరిలో, దైవము తన్ను సేవకు పిలిచినట్లు ఆమెకు తోచినది. ఆ సేవ యేదియో తెలియుటకు మాత్రము కొన్ని సంవత్సరములు పట్టెను. రోగులకు పరిచర్య చేయుటయే తన పని యని నిశ్చయించుకొని 1845వ సంవత్సరమున ఆమె తలిదండ్రుల యెదుట ఒక కోరిక వెల్లడించెను. తమ భవనమునకు సమీపమున సాలిస్‌బరీ పట్టణమందొక ఆసుపత్రి యుండెను. అచటి ముఖ్యవైద్యుడు కుటుంబమునకు స్నేహితుడు. అందు కొన్ని నెలలుండి పని నేర్చుకొందునని ఆమె యడిగెను. ఇల్లంతయు అట్టుడికిపోయెను. తల్లి కంట నీరు పెట్టుకొనెను, అక్క మూర్ఛలు పోయెను, తండ్రి మొగము చిట్లించుకొని దూరముగా తొలగెను.

వారిని మేము పూర్తిగా తప్పుపట్టజాలము. ఆనాటి ఇంగ్లండులో ఆసుపత్రి యనగా బీదసాదలు చావనుండి పోవు చోటు. కలిగినవారికి ఇంటికే వైద్యుడు వచ్చును. ఆసుపత్రి గదులలో దుర్గంధము నిండియుండెడిది. పరిచారికలలో అనేకులు చదువు గాని శిక్షణ గాని లేనివారు. వారికి త్రాగుబోతులన్న అపకీర్తి యుండెను. అట్టి చోటికి కన్నబిడ్డను పంపుటకు ఏ తల్లి యొప్పుకొనును? అయినను ఒక మాట. ఆసుపత్రి ఉద్యోగము మన యింటి ఆడపిల్లకేల, రాష్ట్రపు సరిహద్దు దాటి ఆ చదువేల యని నేటికిని మా యొద్దకు వచ్చి యడుగు తలిదండ్రులు కలరు. వారి భయమును మేమెరుగుదుము. ఫ్లారెన్సు తల్లి భయము కూడ అట్టిదే. ఆ భయము వలన ఆ బిడ్డ జీవితములో ఎనిమిదేండ్లు గడచిపోయెను.

ఎనిమిదేండ్లును ఆమె ఊరకుండలేదు. పగలంతయు విందులకును, అతిథులకును చెల్లిపోవుటచే తెల్లవారకముందే లేచి, చలికి శాలువ కప్పుకొని, కొవ్వొత్తి వెలుగులో ఆసుపత్రుల నివేదికలను, పారిశుద్ధ్యమును గూర్చి ప్రభుత్వము ప్రకటించిన నీలిరంగు అట్టల పుస్తకములను చదివెడిది. చదివి నోటు పుస్తకములలో అంకెలు ఎక్కించుకొనెడిది. ఉదయము ఫలాహారపు గంట మ్రోగగానే ఏమియు ఎరుగనట్లు క్రిందికి దిగెడిది. లండనులో ప్రష్యా రాయబారిగా నుండిన బున్సెను దొర ఆ కుటుంబమునకు మిత్రుడు. ఆయన 1846లో ఆమెకొక జర్మను సంస్థ యొక్క వార్షిక నివేదికను పంపెను. అది రైను నదీతీరమున కైజర్స్‌వెర్త్ అను చిన్న ఊరిలో గల సంస్థ. అచట సద్వంశపు స్త్రీలు మతదీక్ష పూని రోగిపరిచర్య నేర్చుకొనుచున్నారని చదివినప్పుడు ఆమెకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు. తాను కోరినది లోకములో ఒకచోట నున్నది!

ఆ సంస్థ పుట్టుకయు వినదగినది. కైజర్స్‌వెర్త్ నందు థియొడోరు ఫ్లీడ్నర్ అను యువ పాదిరీ యుండెను. ఆ యూరిలో పలువురకు పని యిచ్చు మిల్లు దివాలా తీయగా ఆయన చర్చికి ఆదాయము పోయెను. చందాలు పోగుచేయుటకై ఆయన హాలండునకును, అటనుండి ఇంగ్లండునకును వెళ్ళెను. ఇంగ్లండులో ఎలిజబెత్ ఫ్రై అను మహిళ కారాగారములందలి స్త్రీల కొరకు చేయుచున్న పనిని చూచి ఆశ్చర్యపడెను. ఊరికి తిరిగి వచ్చి, చెరనుండి విడుదలయైన స్త్రీలకు తన తోటలోని చిన్న యింటిలో ఆశ్రయమిచ్చెను. తరువాత 1836లో తన భార్య ఫ్రెడరీకా తోడుగా ఆసుపత్రిని, పరిచారికల విద్యాలయమును స్థాపించెను. కాగా ఇంగ్లండులో చూచినదానిని జర్మను పాదిరీ తన యూరిలో నాటెను. ఆ చెట్టు కాయలు ఏరుకొనుటకు ఇంగ్లండునుండి ఫ్లారెన్సు జర్మనీకి పోవలసివచ్చినది. విద్య యొక దేశమున పుట్టి మఱియొక దేశమున పెరిగి తిరిగి పుట్టినింటికి వచ్చుట చరిత్రలో అరుదు కాదు.

కోరినంతనే ఆమె పోలేకపోయినది. పెండ్లి సంబంధములు వచ్చుచుండెను. ఆమె నిరాకరించుచుండెను. కృశించిపోవుచున్న బిడ్డను చూచి, దేశాటనమునకైన పంపుదమని తలిదండ్రులు తలచిరి. బ్రేస్‌బ్రిడ్జి దంపతులను కుటుంబ స్నేహితులతో ఆమె 1847 చివర రోమునకు పోయెను. ఇతరులు శిల్పములను చూడ తానును చూచెను గాని, అచటి యొక కన్యకామఠమున కొన్నాళ్ళుండి అనాథబాలికల పాఠశాలను నడుపు తీరును పరిశీలించెను. సిడ్నీ హెర్బర్టు అను రాజకీయవేత్తతో పరిచయమైనదియు ఆ నగరముననే. ఈ పేరు జ్ఞాపకముంచుకొనుడు, మరల వచ్చును. 1849 చివర వారితోనే ఈజిప్టునకు పోయినపుడు అలెగ్జాండ్రియా నగరమున ఫ్రెంచి సన్యాసినులు నడుపుచున్న వైద్యశాలను, పాఠశాలను దర్శించెను. తిరుగుదారిలో, 1850 జూలై 31వ తేదీన, తుదకు కైజర్స్‌వెర్త్ చేరెను. రెండు వారములుండెను. ఇంటికి మరలినంతనే ఆ సంస్థను గూర్చి ముప్పదిరెండు పుటల చిన్న పుస్తకము వ్రాసి, తన పేరు లేకుండ 1851లో అచ్చొత్తించెను. ఆమె రచనలలో మొదట అచ్చయినది అదియే. ఒక యాత్ర ముగిసినంతనే దానికి నివేదిక వ్రాయు అలవాటు ఆమెకు అప్పటినుండియు కలదు.

రెండు వారములు చూచినచో తృప్తి యెక్కడిది? మరుసటి యేడు తల్లియు అక్కయు కార్ల్‌స్‌బాడు వేడినీటి బుగ్గలకు ఆరోగ్యముకొరకు పోవుచుండగా, ఆమె వారితో బయలుదేరి వారినచట దిగవిడిచి తాను కైజర్స్‌వెర్త్ చేరి, 1851 జూలై మొదలు అక్టోబరు వరకు మూడు మాసములు శిష్యురాలిగా నుండెను. ఆమె ఎక్కడనున్నదో ఎవ్వరికిని చెప్పరాదని తల్లి కట్టడి. అచట ఉదయము అయిదు గంటలకు మేల్కొనవలెను. ఆహారము రై గింజల అంబలి, కూరగాయల పులుసు. భోజనమునకు పది నిమిషములు. భవనములలో పెరిగిన యువతి అట్టి తిండి తిని, పుండ్లు కడిగి, శస్త్రచికిత్సలు జరుగునపుడు ప్రక్కన నిలిచి, రోగులకు కాపుండి, జీవితములో ఎన్నడును లేనంత ఆనందముగా నున్నానని తల్లికి జాబు వ్రాసెను. ఆ జాబునకు తల్లి మనస్సు కరగలేదు.

ఇచట మేము పాఠకులను ఒక్క నిమిషము ఆగుడని వేడుచున్నాము. కైజర్స్‌వెర్త్ ఆమెకు గురుపీఠము వంటిది. అయినను ఆ ఆసుపత్రిలో పరిచర్య యనదగినది లేదనియు, శుభ్రత మిక్కిలి హీనమనియు, ఆ సంస్థలోనెల్ల ఆసుపత్రియే నాసియైన భాగమనియు ఆమె అభిప్రాయము. మఱి అచట నేర్చినదేమి? అట్టి పవిత్రమైన భక్తిశ్రద్ధలు తానెందును చూడలేదని కూడ ఆమెయే చెప్పెను. రోగిపరిచర్య గౌరవింపదగిన వృత్తి యనియు, కాపు బిడ్డలును, చేతిపనివారి బిడ్డలును ఒక క్రమమున శిక్షణ పొంది దానిని నిర్వహింపగలరనియు ఆమె అచట కన్నులార చూచెను. ఆ భాగమును గైకొని శుభ్రతను వేరొకచోట వెదకెను. పొరుగువారి యింటికి పోయి వచ్చినవారు సాధారణముగా రెండు విధములుగా మాటాడుదురు. అచట సర్వమును బంగారమే యని కొందఱు, మన యింటి పద్ధతి ముందు అదేపాటి యని కొందఱు. మేమును పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు ఈ రెండు తెగలవారిని మా సహాధ్యాయులలో చూచియున్నాము. రెంటికిని లొంగక, చూచినదానిని విడదీసి తూచు శక్తి ఫ్లారెన్సు నందుండెను. ఆమె చదువులోనెల్ల మేము మెచ్చునది ఇదియే.

1853 ఫిబ్రవరిలో ఆమె పారిసు చేరెను. ఆ నగరపు ఆసుపత్రులను, చికిత్సాలయములను, మఠములను చూచుటకు అనుమతి సంపాదించి దినదినమును తిరిగెను. ప్రసిద్ధులైన శస్త్రవైద్యులు పని చేయుచుండగా చూచెను. అంతటితో తృప్తిపడక ప్రశ్నల పట్టిక యొకటి తయారుచేసి ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు దేశముల ఆసుపత్రులకు పంపి, వచ్చిన జవాబులను వరుసలుగా పేర్చి ఒకదానితో నొకటి సరిచూచెను. తాను చేరుటకు ఏర్పాటు చేసికొనిన సన్యాసినుల వైద్యశాలలో కాలు పెట్టుటకు ముందే నాయనమ్మ కాలముచేసినందున ఇంటికి పోవలసివచ్చెను. మరల వచ్చి చేరినంతనే ఆమెకే పొంగు పోసినది. పరిచర్య నేర్వబోయిన ఆమె తానే రోగియై పడకెక్కినది!

ఆ సంవత్సరమే లండనులో హార్లీ వీధి యందలి చిన్న వైద్యశాలకు ఆమె అధికారిణి యయ్యెను. జీతము లేదు. తండ్రి ఏటేట అయిదు వందల పౌనులిచ్చుటకు అంగీకరించెను. పరదేశములలో చూచినదానికి ఇది మొదటి పరీక్ష. ప్రతి అంతస్తునకును వేడినీరు గొట్టముల ద్వారా ఎక్కవలెననియు, రోగుల భోజనము వంటయింటినుండి పైకి పోవుటకు మోకుతో లాగు పెట్టె యుండవలెననియు, రోగి గంట మ్రోగించినచో ఏ గది నుండియో బయట తెలియవలెననియు ఆమె పట్టుబట్టి చేయించెను. మెట్లెక్కి దిగుటలో పరిచారిక కాళ్ళు అరిగినచో రోగి ప్రక్కన నిలుచుట కామెకు శక్తి యెక్కడిదని ఆమె వాదము. ఇంకొక విషయము. ఆ సంస్థ పాలకవర్గము ఇంగ్లండు చర్చికి చెందిన రోగులను మాత్రమే చేర్చుకొనదలచెను. కాథలిక్కులను, యూదులను కూడ చేర్చుకొనవలెననియు, వారి వారి గురువులు వచ్చి వారిని చూచుటకు అడ్డు పెట్టరాదనియు ఆమె కోరి నెగ్గెను. సంఖ్యలో తక్కువైనవారి సంగతి కనుక దీనిని ఇచట చెప్పకుండ ఉండజాలకపోయితిమి.

1854లో క్రిమియా యుద్ధము వచ్చినది. రష్యాపై ఇంగ్లండు, ఫ్రాన్సు, టర్కీలు పోరాడుచుండెను. గాయపడిన ఇంగ్లీషు సైనికులు దిక్కులేక చచ్చుచున్నారనియు, ఫ్రెంచివారికి మాత్రము పరిచర్యకై సన్యాసినులున్నారనియు టైమ్సు పత్రిక విలేఖరులు వ్రాయగా ఇంగ్లండంతయు సిగ్గుపడెను. యుద్ధశాఖలో అప్పుడు మంత్రి పదవి నందుండినవాడు రోమున పరిచయమైన సిడ్నీ హెర్బర్టు. పరిచారికలను వెంటగొని పోవుమని ఆయన ఫ్లారెన్సునకు జాబు వ్రాసెను. తానును పోవుదునని ఆమె వ్రాసిన జాబును ఆయన జాబును త్రోవలో ఒకదాని నొకటి దాటిపోయెను. ముప్పదియెనమండుగురు స్త్రీలతో అక్టోబరు 21వ తేదీన బయలుదేరి నవంబరు 4వ తేదీన, నేడు ఇస్తాంబూలు అనబడు నగరమునకు ఎదుటనున్న స్కుటారి చేరెను. వారిలో కాథలిక్కు సన్యాసినులు పదిమంది.

స్కుటారిలో ఆమె పడిన పాట్లు మీరు వేరుచోట చదివియుందురు గనుక మేము విస్తరింపము. వంటశాల, చాకిరేవు, చొక్కాలు, దుప్పట్లు, సైనికుల ఇండ్లకు జాబులు, అన్నిటిని ఆమె చూచెను. దీపము కథ ఆనాటిదే. కాని కథలు చెప్పని కఠినసత్యమొకటి కలదు. ఆమె వచ్చిన తరువాత ఆ శీతకాలమున చావులు తగ్గలేదు, పెరిగెను. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో చేరిన నూరుగురిలో సుమారు నలుబదిరెండుగురు చనిపోయిరి. ఆ గొప్ప కట్టడము క్రింద మురుగు కాలువలు పూడిపోయి విషమై యుండెను. మార్చిలో పారిశుద్ధ్య నిపుణుల సంఘమొకటి లండనునుండి వచ్చి ఆ కాలువలను కడిగించి, నీటిత్రోవలో కుళ్ళుచున్న గుఱ్ఱపు కళేబరమును తీయించి, గదులకు గాలి వచ్చునట్లు చేసెను. జూను నాటికి చావులు నూటికి రెండింటికి దిగెను.

దీని యర్థము ఆమెకు యుద్ధము ముగిసి 1856లో ఇంటికి వచ్చిన తరువాతనే పూర్తిగా బోధపడినదని చరిత్రకారులు కొందఱు చెప్పుదురు. విలియం ఫార్ అను గణాంక నిపుణునితో కూర్చుండి లెక్కలు వేయగా, గుండ్లకంటె మురుగే ఎక్కువమందిని చంపినదని తేలినది. దయయు, దీపమును, నిద్రలేని రాత్రులును మురుగు కాలువను కడుగజాలవని ఆమె గ్రహించెను. లెక్కలు చదువని మంత్రులకు కూడ తెలియునట్లు ఆ చావులను రంగుల చక్రాకార పటములుగా గీయించి 1858లో ప్రకటించెను. ఆ యేడే గణాంక శాస్త్ర సంఘము ఆమెను సభ్యురాలిగా నెన్నుకొనెను. ఆ సంఘమున చేరిన స్త్రీలలో ఆమెయే మొదటిది.

1859లో ఆసుపత్రుల నిర్మాణమును గూర్చి ఆమె వ్రాసిన గ్రంథమున మరల పరదేశపు కాగితములే కనబడును. పారిసులో 1854లో తెరచిన లారిబ్వాజియేర్ ఆసుపత్రి పద్ధతిని ఆమె మెచ్చెను. ఒకే పెద్ద మేడగా గాక, నడుమ ఖాళీ విడిచి వేరు వేరు మండపములుగా కట్టి, ప్రతి మండపమునకు ఇరువైపుల కిటికీలు పెట్టుట ఆ పద్ధతి. ఒక గదిలో ముప్పది పడకలు, రెండు పడకలకు నడుమ కిటికీ, ఒకచోట నిలిచి అందరిని చూడగల పరిచారిక: ఈ విధముగా కట్టిన పొడవైన గదులకు తరువాత ఆమె పేరే వచ్చినది. లండనులో 1871లో తెరచిన సెయింట్ థామస్ ఆసుపత్రిని అట్లే కట్టిరి. ఒక దేశపు ఆసుపత్రి లెక్కలను ఇంకొక దేశపు లెక్కలతో సరిచూడవలెనన్నచో అందరును ఒకే తీరు పట్టికలలో వ్రాయవలెనని 1860లో లండనున జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ఆమె ప్రతిపాదన పంపెను. రోగములు క్రిముల వలన వచ్చునను సిద్ధాంతమును మాత్రము ఆమె చాలకాలము నమ్మలేదు. చెడుగాలియే కారణమని వాదించెను. కారణము తప్పు చెప్పినను, గాలి, వెలుతురు, శుభ్రత కావలెనన్న ఆమె మందు పనిచేసినది.

దేశప్రజలు కృతజ్ఞతతో పోగుచేసిన నలువదినాలుగు వేల పౌనులకు పైబడిన నిధితో 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రి యందు నర్సుల శిక్షణాలయము వెలసెను. అంతవరకు పరదేశములు తిరిగి చూచిన ఆమె యొద్దకు ఇప్పుడు పరదేశములవారు చూచుటకు రాసాగిరి. 1868లో లూసీ ఆస్‌బర్న్ అను శిష్యురాలు అయిదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు పోయెను. అమెరికాలో మొట్టమొదట శిక్షణ పొందిన నర్సుగా పేరుగన్న లిండా రిచర్డ్సు 1877లో ఇంగ్లండు వచ్చి, సెయింట్ థామస్ పద్ధతిని పరిశీలించి, ఫ్లారెన్సును దర్శించి, స్వదేశమున శిక్షణాలయములను దిద్దెను. అటుపై 1886లో జపానునందలి క్యోటో నగరమున నర్సుల విద్యాలయమును నెలకొల్పుటకు తోడ్పడెను.

ఇక మన దేశము సంగతి. క్రిమియాలో తగిలిన జ్వరము ఆమెను విడువలేదు. 1857 తరువాత ఆమె బ్రతుకు చాలవరకు గదిలో, పడకమీదనే గడచెను. తాను కదలలేకపోయినను ప్రశ్నల పట్టిక కదలును గదా! భారతదేశమున సైనికుల ఆరోగ్యమును విచారించుటకు 1859లో ఏర్పడిన రాజసంఘము పక్షమున ఆమె ఈ దేశమందలి దండులన్నిటికి ప్రశ్నలు పంపించెను. నీరెక్కడిది, మురుగెటు పోవును, ఒక్కొక్క సైనికునికి పడక చోటెంత, ఏటేట చావులెన్ని? బండ్లకొలది కాగితములు ఆమె యింటికి వచ్చిపడెను. ఇంగ్లీషు సైనికులు వెయ్యింటికి ఏటేట 69 మంది చచ్చుచున్నారనియు, అది యుద్ధము వలన గాక రోగముల వలన అనియు తేలెను. 1863లో నివేదిక వెలువడగా, మరుసటి యేట బొంబాయి, కలకత్తా, మద్రాసు రాజధానులలో పారిశుద్ధ్య సంఘములేర్పడినవి. మన తాలూకాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే.

ఈ పట్టిక పద్ధతిలో ఒక లోపమున్నది. జవాబులు వ్రాసినవారు దొరలు. పల్లెలోని రైతును ఎవరును అడుగలేదు. ఆమెకు అది తెలియకపోలేదు. సైనికుని బ్రతుకు గురించి మొదలైన విచారణ ఏండ్లు గడచినకొలది పల్లె నీటి వైపు, రైతు ఋణముల వైపు, కరవుల వైపు తిరిగెను. పూనా సార్వజనిక సభ వారితో ఆమె ఉత్తరములు నడపెను. గోదావరిపై ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటన్ దొర ఆమెకు మిత్రుడయ్యెను. రైలు మార్గములకు పోయు ధనములో కొంత కాలువలకు పోసినచో కరవులుండవని ఆయన వాదించుచుండగా, పలుకుబడి గల ఆమె లండనునుండి అదే వాదమును మంత్రుల చెవిని వేయుచుండెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామము నాడు ఆమె పత్రికలలో వ్రాసిన వ్రాతలు ఇంగ్లండు ప్రజలను కలచివేసినవి. మన పెద్దలు నేటికిని తలచుకొను కాటన్ దొర ఆనకట్ట పేరు లండను నగరమున మంచము పట్టియున్న ఆమెకు ఎరుకయే యన్నమాట. ఆమె భారతదేశమున ఎన్నడును కాలు మోపలేదు.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను గౌరవమును పొందిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికి చూపు తగ్గి, జ్ఞాపకము మసకబారియుండెను. 1910 ఆగస్టు 13వ తేదీన తన తొంబదియవ యేట లండనున కాలధర్మము నొందెను. వెస్టుమినిస్టరు మందిరమున సమాధి చేయుదుమని ప్రభుత్వము వారనగా బంధువులు వలదని, హాంప్షైరులో వారి యూరి చిన్న చర్చి ఆవరణమున పూడ్చిరి. రాతిమీద ఆమె పేరులోని రెండు మొదటి అక్షరములును, పుట్టిన గిట్టిన తేదీలును మాత్రమే చెక్కిరి. ఆమె పుట్టిన మే 12వ తేదీని లోకమంతట నర్సుల దినముగా జరుపుచున్నారు. మన యూళ్ళనుండి బెంగుళూరు పోయి నర్సు చదువు చదువుకొనుచున్న బాలికలు ఆ దినమున కొవ్వొత్తులు వెలిగించుట ఎరుగుదురు.

తల్లికి కట్టుబడి ఎవ్వరికిని చెప్పక ఆమె మూడు మాసములు శిష్యురాలిగా నుండిన కైజర్స్‌వెర్త్ గ్రామము నేడు డ్యూసెల్‌డార్ఫ్ నగరములో కలిసిపోయినది. ఫ్లీడ్నర్ పాదిరీ స్థాపించిన సంస్థ యిప్పటికిని అచట నడచుచున్నది. దాని ఆసుపత్రికి వారు పెట్టుకొనిన పేరు ఫ్లారెన్సు నైటింగేల్ ఆసుపత్రి.